రాత్రి లేచి కూర్చోమన్నది నేనే

సర్కారు దవాఖానలో పదకొండేళ్లు పనిచేశాను. ఆ పదకొండేళ్లలో నా గది తలుపు మీద నా పేరు పడలేదు. నాకంటే ముందు ఆ గదిలో పుండ్లకు కట్లు కట్టేవారు. గది నాకిచ్చారు గానీ, 'డ్రెస్సింగ్ రూమ్' అన్న బోర్డు మాత్రం తీయలేదు. వారానికి ఇద్దరు ముగ్గురైనా లోపలికి వచ్చి, నా ఎదుటి కుర్చీలో కూర్చుని, కాలు ముందుకు చాచి, "జర మెల్లగ ఇప్పు బిడ్డా" అనేవారు. బోర్డు మార్చమని పద్నాలుగు అర్జీలు పెట్టాను. అన్నిటి నకళ్లూ నా దగ్గరున్నాయి.

పాలమూరు వైపు ఒక దవాఖాన అది. పేరు రాయను. అక్కడ నేను కౌన్సెలర్‌ని. మందులతో తగ్గని తలనొప్పులు, నిద్ర పట్టకపోవడం, ఊరికే గుండె దడ, ఇలాంటివాటితో వచ్చే బడి పిల్లలకు అలవాట్లు మార్చి బాగుచేయడం నా పని. చదువుకుని, శిక్షణ తీసుకుని వచ్చినదాన్ని. మా డాక్టరు గారు మాత్రం నన్ను 'మాటల మేడం' అనేవారు. "స్కాన్‌ల ఏం లేదు, పో, మాటల మేడం దగ్గర కూసో" అని చీటీ కూడా రాయకుండా పంపేవారు. ఆయన మొదటిసారి ఆ మాట అన్న రోజు, ఆ పక్కన ఎవరెవరు నవ్వారో ఇప్పటికీ చెప్పగలను.

ఈ పనిలోకి కొత్తగా వచ్చిన పిల్లలు ఫోన్లు చేస్తుంటారు, మీ అనుభవాలు చెప్పండి మేడం అని. బాగైపోయిన పిల్లల సంగతులు చెబుతానని వాళ్ల ఆశ. అవీ ఉన్నాయి. అవి చెప్పడానికి చాలామంది ఉన్నారు. నేను చెడగొట్టినది ఒకటి చెబుతాను. వినండి.

కరోనాకు ముందు సంవత్సరాల మాట. వానాకాలంలో ఒక పిల్ల వచ్చింది. పదో తరగతి. మక్తల్ దాటాక, కర్ణాటక పొలిమేరకు దగ్గర్లో వాళ్ల ఊరు. గొర్లు కాచుకునే ఇల్లు. ఇంట్లో బడి ముఖం చూసిన మొదటి పిల్ల ఆమే. మా దవాఖాన ఉన్న ఊళ్లోనే ఆడపిల్లల హాస్టల్ బడిలో చదువుతోంది. ఏడాదిగా తలనొప్పి. కళ్లు పరీక్ష చేశారు, తలకు స్కాన్ తీశారు, ఏమీ లేదన్నారు. రోజూ నొప్పి బిళ్లలు మింగుతోంది, రోజూ నొప్పి వస్తోంది.

"ఎట్లుంటది నొప్పి?" అని అడిగాను.

"తల సుట్టు తాడు కట్టి ఇద్దరు చెరొక దిక్కు గుంజినట్టు, మేడం."

"రాత్రి నిద్ర?"

"పండుకుంట. రాదు. అందరు పండినంక ఒక్కొక్కల గురక ఎట్లుంటదో నాకు ఎరుకే. ఎవలిదేదో కండ్లు మూసుకుని చెప్త."

నవ్వింది. నాకు ఆ పిల్ల అప్పుడే నచ్చింది. నచ్చిన పిల్లల విషయంలో జాగ్రత్తగా ఉండాలని మాకు శిక్షణలో చెప్పారు. ఇంకా ఏవేవో చెప్పారు. నిద్ర రానివాళ్లను మనసులో గొర్రెలను లెక్కపెట్టుకోమనడం విదేశాల్లో అలవాటు అని కూడా చెప్పారు. గొర్లకాపరి బిడ్డ కదా, ఇంకా సులువు అనుకుని ఆ పిల్లకు ఆ సలహా ఇచ్చాను. ఆమె నా వైపు జాలిగా చూసింది.

"గొర్లను లెక్కపెడ్తె నిద్రెట్లొస్తది మేడం? మా బాపు రోజు పొద్దుగూకంగనె లెక్కపెడ్తడు. ఒక్కటి తక్కువొచ్చిందనుకో, ఇగ ఇంటిల్లిపాది ఎవ్వలు పండుకోరు."

మా ఆయమ్మ తలుపు దగ్గర నిలబడి పెద్దగా నవ్వింది. ఆయమ్మ అంటే ఆ దవాఖానలో ముప్ఫై ఏళ్లుగా పనిచేస్తున్న మనిషి. నా గది ఊడ్చేది, నాకు చాయ్ తెచ్చేది, నాకు బుద్ధులు చెప్పేది. "సదువు నీది మేడం, అకల్ ఆ పిల్లది" అని తెలివిని ఆ పిల్లకే కట్టబెట్టింది. ఇది కూడా నేను మరిచిపోలేదు. కానీ ఆయమ్మ అన్నవాటిని వేరే ఖాతాలో పెట్టుకున్నాను.

చికిత్స గురించి ఎక్కువ చెప్పను, కావలసినంతే చెబుతాను. నొప్పి బిళ్లలు వారం వారం తగ్గించాలి. రోజూ ఒకే వేళకు లేవాలి. పగలు పడుకోకూడదు. అన్నిటికంటే ముఖ్యమైనది, పక్క నిద్రకే. పడుకున్నాక ఎంతసేపటికీ నిద్ర రాకపోతే అలాగే దొర్లకూడదు. లేచి, పక్కకు దూరంగా వెళ్లి ఊరికే కూర్చోవాలి. రెప్పలు బరువెక్కినప్పుడు మళ్లీ వచ్చి పడుకోవాలి. పక్కను చూస్తే భయం కాకుండా నిద్ర గుర్తుకు రావడానికి ఇదే దారి. వినడానికి ఇంత చిన్న సంగతి. పట్టుబట్టి చేస్తే పనిచేస్తుంది. దీనితో పాటు ఒక నిద్ర పుస్తకం. పొడుగు నోట్‌బుక్కులో నా చేత్తో గడులు గీసి ఇచ్చాను: పడుకున్నది ఎప్పుడు, లేచి బయటికి పోయింది ఎప్పుడు, బయట ఎంతసేపు, మళ్లీ పక్క మీదికి ఎప్పుడు, నొప్పి సున్నా నుంచి పది దాకా ఎంత. పొద్దున్నే ఉజ్జాయింపుగా రాయాలి. అచ్చు వేసిన ఫారాలు కావాలని దవాఖాన ఆఫీసును అడిగి ఉన్నాను. ఇవ్వలేదు. అందుకని ఆ పుస్తకం మీద దవాఖాన పేరు గానీ నా పేరు గానీ ఎక్కడా లేదు.

హాస్టల్లో రాత్రి దీపాలు ఆర్పాక పక్క దిగడం తప్పు. ఆడపిల్లల హాస్టల్. ఆ నియమం ఎందుకుందో మీకూ తెలుసు, నాకూ తెలుసు. కాబట్టి నేను చేయాల్సిందల్లా వెళ్లి ఆ ప్రిన్సిపల్‌ను కలిసి, ఈ పిల్లకు ఇలా చెప్పాను, రాత్రి ఎక్కడ కూర్చోవాలో మీరే చూపించండి అని ఒక మాట అనడం. నడిచి పోతే దవాఖాన నుంచి పావుగంట.

వెళ్లలేదు.

ఎందుకంటే అంతకు ముందు సంవత్సరం ఆ బడిలో ఎదిగే పిల్లల ఆరోగ్యం గురించి మాట్లాడమని పిలిస్తే వెళ్లాను. గేటు బయట ఎండలో గంటకు పైగా నిలబెట్టారు. లోపలికి పిలిచాక ప్రిన్సిపల్ నన్ను పిల్లలకు "దవాఖాన నుంచి నర్సమ్మ వచ్చింది" అని పరిచయం చేసింది. నర్సు పని తక్కువని కాదు. నేను నర్సును కాదు. నాలుగు కుర్చీలుంటే నాలుగింటిలోనూ టీచర్లే కూర్చున్నారు. నేను అన్నం తినే బల్ల అంచున కూర్చుని మాట్లాడి వచ్చాను. చాయ్ అందరికీ వచ్చింది, నా దాకా రాలేదు. ఆ గడప మళ్లీ తొక్కనని ఆ రోజే అనుకున్నాను.

"పోయి ఒక్క మాట చెప్పి రారాదు మేడం? నీ కాళ్లు అరుగుతయా?" అంది ఆయమ్మ.

"చీటీ రాసి పంపుతా. చదువుకున్నదే కదా, చదువుకుంటుంది" అన్నాను.

చీటీ రాశాను. నిద్రలేమికి చికిత్స జరుగుతున్నదనీ, రాత్రి లేచి కాసేపు బయట కూర్చోవడం అందులో భాగమనీ, అనుమతించగలరనీ. నాకు రబ్బరు ముద్ర లేదు. దానికోసం పెట్టిన అర్జీ వేరే ఉంది. డాక్టరు గారి సంతకం పెట్టించవచ్చు. కానీ ఆ వారమే ఆయన కొత్తగా వచ్చిన కుర్ర డాక్టర్ల ముందు నన్ను మాటల మేడం అని పరిచయం చేశారు. ఆయన బల్ల ముందుకు వెళ్లి కాగితం చాచడానికి నాకు మనసొప్పలేదు. ఉత్త సంతకంతో చీటీ ఆ పిల్ల చేతికిచ్చాను.

మొదట్లో అంతా సవ్యంగా జరిగింది. చీటీని ఆ పిల్ల రాత్రి కాపలా ఉండే ఆమెకు చూపించింది. ఆమెకు చదువు రాదు, కానీ దవాఖాన చీటీ అనగానే "అట్లనా, అయితె నా పక్కకొచ్చి కూసో" అందట. నిద్ర రానప్పుడల్లా ఆ పిల్ల వెళ్లి ఆమె స్టూలు పక్కన నేల మీద కూర్చునేది. దసరా సెలవుల తర్వాత వచ్చినప్పుడు పుస్తకం చూశాను. నొప్పి గడిలో ఏడులు, ఎనిమిదులు పోయి మూడులు, రెండులు వచ్చాయి. కొన్ని రోజులు సున్నా. పిల్ల ముఖం తేటగా ఉంది. లెక్కల పరీక్షలో క్లాసులో రెండో స్థానం వచ్చిందట.

"మేడం, మొన్న నేను గురక పెట్టిన్నట! అందరు నవ్విండ్రు" అంది. ఏదో బహుమతి వచ్చినట్టు చెప్పింది.

ఆ పుస్తకం తీసుకెళ్లి డాక్టరు గారికి చూపించాను. ఆయన రెండు పేజీలు తిప్పి, "మాటలు పనిచేసినయే" అన్నారు. మెచ్చుకోలో వెటకారమో తేల్చుకోవడానికి నాకు నాలుగు రోజులు పట్టింది. వెటకారమే అని తేల్చుకున్నాను.

సంక్రాంతి సెలవులకు ముందు చలి రోజుల్లో ఆ సంగతి ప్రిన్సిపల్ చెవిన పడింది. చీటీ తెప్పించుకుని చూసిందట. ముద్ర లేదు, డాక్టరు సంతకం లేదు. కాపలా ఆమెను కేకలేసి, చీటీ చింపేసి, పిల్లతో, "ఎవరు రాసిండ్రు గిది? ఆ ముచ్చట్లు చెప్పే ఆమెనా? ఆమె దవాఖానల ఏందని?" అందట. పిల్ల ఆ మాటలు నాకు ఉన్నవున్నట్టు చెప్పింది. చెప్పకూడదని దానికి తెలియదు. ఆ తర్వాత ఏం చెప్పిందో నేను సరిగా వినలేదు. తల నొప్పి మళ్లీ మొదలైంది మేడం, రాత్రి లేవనిస్తలేరు అని చెప్పింది. నేను "ఆమె దవాఖానల ఏందని" దగ్గరే ఆగిపోయాను.

ఆ రోజు ఆ పిల్లతో నేనన్న మాటలు ఇవి. మార్చకుండా రాస్తున్నాను: "నువ్వు మానకు. లేస్తూనే ఉండు. ఎవరైనా ఏమన్నా అంటే నా పేరు చెప్పు. నేను చూసుకుంటా."

"సరె మేడం" అంది.

పదిహేనేళ్ల పిల్ల. నేను చెప్పిన ఏ ఒక్కటీ ఆ పిల్ల చేయకుండా ఉండలేదు. పగలు పడుకోవద్దంటే సెలవుల్లో కూడా పడుకోలేదు. ఇలాంటి పిల్లకు ఆ మాట చెప్పాను.

ఆ సాయంత్రమే కూర్చుని ప్రిన్సిపల్ మీద ఫిర్యాదు రాశాను. నాలుగు పేజీలు. వైద్య సలహాను అగౌరవపరచడం, చీటీ చింపడం, అంతకు ముందు ఏడాది గేటు దగ్గర నిలబెట్టడం, కుర్చీ, చాయ్, అన్నీ. పై అధికారులకు పంపాను. అర్జీలు రాసీ రాసీ చేయి తిరిగినదాన్ని, నాకు తెలియాలి. ఎవరి మీద రాసిన కాగితమైనా పైకి వెళ్లి, అక్కడ ఒక ముద్ర, కింద ఒక ముద్ర వేయించుకుని, 'తగు చర్య నిమిత్తం' అని చివరికి వాళ్ల బల్ల మీదికే వస్తుంది. నా బోర్డు అర్జీలన్నీ అలాగే మా ఆఫీసుకే తిరిగివచ్చాయి. అయినా రాశాను. రాసి, ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను.

ఇరవై రోజులు తిరక్కముందే అది ప్రిన్సిపల్ బల్ల మీదికి చేరింది. సంజాయిషీ అడిగారు. ఆమెకు కోపం రావడంలో వింతేమీ లేదు. ఆ కాగితంలో పిల్ల పేరు కూడా ఉంది. నేనే రాశాను, సాక్ష్యం బలంగా ఉంటుందని.

అప్పటికి ఆ పిల్ల కాపలా ఆమె పక్కన కూర్చోవడం లేదు. అక్కడ కూర్చుంటే ఆమె ఉద్యోగానికి ముప్పు. అందుకని వెనకవైపు నీళ్ల ట్యాంకు మెట్ల మీద కూర్చుంటోంది. దాని వెనక ప్రహరీ గోడ, గోడ అవతల రోడ్డు. నిఘా పెట్టారు, పట్టుకున్నారు. ఫోన్ కోసం ఒళ్లంతా తడిమారు. ట్రంకుపెట్టె బోర్లించారు. ఫోన్ దొరకలేదు. పుస్తకం దొరికింది.

ఒకసారి ఆ పుస్తకాన్ని వాళ్ల కళ్లతో చూడండి. రోజుకొక వరుస. లేచి బయటికి పోయింది పదకొండున్నరకు. బయట నలభై నిమిషాలు. మళ్లీ పక్క మీదికి పన్నెండూ పదికి. పక్కన ఒక అంకె. నెలల తరబడి, ఒక్క రోజు తప్పకుండా, గుండ్రని చేతిరాతలో. ఎవరి పేరూ లేదు, ఏ దవాఖాన పేరూ లేదు. ఆ పిల్ల నేరాన్ని ఆ పిల్లే రాసి పెట్టుకున్నట్టుంది. ఆ గడులు గీసింది నేను.

తండ్రిని పిలిపించారు. నన్నూ పిలిపించారు. ఫిబ్రవరి చివర. పదో తరగతి పరీక్షలకు ఇంకా నెల లేదు.

ఆ గదిలో తండ్రి నిలబడి ఉన్నాడు. భుజాన గొంగడి, చేతిలో చెప్పులు. గది బయట విడవడానికి భయమేసిందేమో, చేత్తో పట్టుకునే లోపలికి వచ్చాడు. పిల్ల గోడకు ఆనుకుని తల వంచుకుని ఉంది. కాళ్ల దగ్గర ట్రంకుపెట్టె. బల్ల మీద నిద్ర పుస్తకం.

"రండి మేడం, కూర్చోండి" అంది ప్రిన్సిపల్. ఆ రోజు కుర్చీ ఇచ్చింది.

తండ్రి నా వైపు తిరిగాడు. దండం పెట్టబోయి, చేతిలో చెప్పులున్నాయని ఆగిపోయాడు.

"అమ్మా, నాకు సదువు రాదు. ఈ మేడం ఒకటి అంటది, బిడ్డ ఒకటి అంటది, నాకు సమజైతలేదు. ఒక్కటే అడుగుత. నా బిడ్డ రాత్రి బయటికెందుకు వోయింది? మీరు పొమ్మంటె వోయిందా, దానంతట అదే వోయిందా?"

జవాబు ఒక్క మాట. రాత్రి లేచి కూర్చోమన్నది నేనే. అంతే. ఆ పిల్ల తలెత్తి నా వైపు చూసింది. ఆ మాట కోసమే చూసింది.

నేను ఏమన్నానో తెలుసా? "అది తర్వాత చెబుతాను. ముందు ఈ మేడం నాకు ఈ రోజు కుర్చీ వేసింది కదా, పోయిన ఏడాది ఎందుకు వేయలేదో చెప్పమనండి" అన్నాను.

అక్కడి నుంచి ఎత్తుకున్నాను. ఫైలు వెంట తెచ్చుకున్నాను కదా. గేటు, ఎండ, నర్సమ్మ, చాయ్. చీటీ చింపడం. ముద్ర ఇవ్వని మా ఆఫీసు. సంతకం అడగలేకుండా చేసిన మా డాక్టరు. ప్రిన్సిపల్ ఊరుకుంటుందా? "నా బడిల ఆరువందల మంది ఆడపిల్లలు. ఒక్కరికి ఏమన్నయితె మీరొచ్చి జవాబు చెప్తరా? పావుగంట నడిచొచ్చి ఒక్క మాట చెప్తె మీ గౌరవం పోతుండెనా? పైకి రాయనీకె నాలుగు పేజీల తీరిక దొరికింది గదా!" అంది. నేను దానికి జవాబు, ఆమె దానికి జవాబు. అరగంట. ఆ అరగంటలో పక్క గురించి, నిద్ర గురించి, తలనొప్పి తగ్గిన సంగతి గురించి ఎక్కడో మధ్యలో చెప్పాననే నా నమ్మకం. చెప్పే ఉంటాను. అది వినే మనిషి మాత్రం అప్పటికే వినడం మానేశాడు.

"అమ్మా" అన్నాడు. గొంతు పెంచలేదు. "మీరు మీరు సదువుకున్నోళ్లు. ఏమన్న అనుకోండ్రి. నడిమిట్ల నా బిడ్డెందుకు?"

పెట్టె ఎత్తి నెత్తిన పెట్టుకున్నాడు. "నడు బిడ్డా" అన్నాడు. వరండా దాకా చెప్పులు చేతిలోనే ఉన్నాయి. పిల్ల వెనక్కి తిరిగి ప్రిన్సిపల్‌ను అడిగింది, "మేడం, బుక్కు?" అని. నిద్ర పుస్తకం. "అది ఇక్కడనే ఉంటది" అంది ప్రిన్సిపల్. నన్నేమీ అడగలేదు ఆ పిల్ల.

మీరు ఆ ప్రిన్సిపల్‌ను రాక్షసి అనుకుంటే అది నా తప్పు అవుతుంది. నేను గేటు దాటకముందే ఆమె వెనకాలే వచ్చింది.

"చూడండి మేడం, పరీక్షకు పిల్ల పేరు వెళ్లింది. హాల్ టికెట్ వస్తది. తండ్రికి నేనే నచ్చజెప్త, ఇంటికాడి నుంచొచ్చి రాసుకోమంట. మీరు ఆ ఫిర్యాదు వెనుకకు తీసుకోండి. పైవాళ్లు రోజు అడుగుతున్నరు. అది నెత్తి మీద ఉండంగ ఈ పిల్లను మళ్ల లోపలికి తెస్తే నేను భయపడి తెచ్చిన అంటరు."

"అందులో ఒక్క అబద్ధం ఉందా?" అన్నాను.

"నేను అబద్ధమన్ననా?"

"మరి ఎందుకు తీసుకోవాలి?"

ఆమె లోపలికి వెళ్లిపోయింది.

ఆయమ్మ నాతో మాట్లాడటం మానేసింది. చాయ్ తెచ్చి బల్ల మీద పెట్టి వెళ్లేది. పన్నెండో రోజున మాత్రం గ్లాసు పెట్టి ఆగింది. "మేడం, నీ బోర్డు మారలేదు. మారకున్నా నువ్వు బతికినవ్. ఆ పిల్లకు ఒక్కటే ఉండె, బడి" అంది. నేను కోపంగా ఏదో అన్నాను. ఏమన్నానో గుర్తులేదు. నాకు గుర్తులేని మాట నా జీవితంలో అదొక్కటే అనుకుంటాను.

పంతొమ్మిదో రోజున ఫిర్యాదు వెనక్కి తీసుకుంటున్నట్టు రెండు వరుసలు రాసి, పావుగంట నడిచి, ఆ బడికి వెళ్లాను. గేటు దగ్గర ఎవరూ నిలబెట్టలేదు. ప్రిన్సిపల్ కాగితం చదివి, సొరుగు తీసి హాల్ టికెట్ నా చేతికిచ్చింది. నిద్ర పుస్తకం కూడా ఇచ్చింది. "వారం ముందు రాకపోతిరి. ఇంటికాడ లేరట వాళ్లు" అంది.

మక్తల్ దాటి ఆ ఊరికి వెళ్లాను. ఇంట్లో ముసలి అవ్వ ఒక్కతే ఉంది. "మంద దోలుకుని నల్లగొండ దిక్కు వోయిండ్రు. ఈడ గడ్డి యాడిది బిడ్డా? పిల్ల కూడ వోయింది" అంది. తండ్రి ఫోన్ పలకలేదు. ఎండాకాలం ముందు గొర్లు మేతకు వలసపోతాయి. కాలువ కింద వరి కోసిన మళ్లల్లో మంద పెడతారు. ఏ ఊళ్లో ఎన్నాళ్లుంటారో వాళ్లకే తెలియదు. ఆయమ్మ చుట్టాలు మిర్యాలగూడ వైపు ఉంటే వాళ్లకు ఫోన్లు చేయించింది. నేను సెలవు పెట్టాను. ఆయమ్మ అడగకుండానే నా వెంట బస్సెక్కింది. ఐదు రోజులు తిరిగాం. కనపడిన ప్రతి మంద దగ్గరా అడిగాం. కనుక్కునేసరికి మూడు పరీక్షలు అయిపోయాయి.

మిట్టమధ్యాహ్నం. కోసిన మళ్లల్లో మంద. పిల్ల తలకు తువాల బిగించి కట్టుకుని, చేతిలో కట్టెతో నిలబడి ఉంది. నన్ను చూసి నవ్వింది. పరుగెత్తి రాలేదు.

తండ్రి నన్ను ఏమీ అనలేదు. అంటాడని దారంతా జవాబులు సిద్ధం చేసుకున్నాను. చెట్టు నీడన గొంగడి పరిచి కూర్చోబెట్టాడు, మేకపాల చాయ్ ఇచ్చాడు. హాల్ టికెట్ చేతికిస్తే రెండు చేతులతో పట్టుకుని చాలాసేపు చూశాడు.

"ఫోటో మంచిగ పడ్డది" అన్నాడు.

"రాత్రి లేచి కూర్చోమన్నది నేనే" అన్నాను. అప్పుడు అన్నాను.

"ఎరుకనేనమ్మా. బిడ్డ చెప్పింది."

"మరి తప్పినవాళ్లు వానాకాలం ముందు మళ్లీ పరీక్ష రాయవచ్చు. నేను ఫీజు అదీ చూసుకుంటా, పుస్తకాలు పంపుతా..."

"ఈసారికి కానియ్యి. మందనిడిచి నేను బడి సుట్టు తిరుగలేను." హాల్ టికెట్ మడిచి గొంగడి కొంగులో పెట్టుకున్నాడు. నాకు తిరిగి ఇవ్వలేదు. ఎందుకు పెట్టుకున్నాడో అడగలేదు.

పిల్లను పక్కకు పిలిచాను. నిద్ర ఎట్లా ఉందని అడిగాను.

"రాదు మేడం. రాత్రి కావలి నాదే ఇప్పుడు. నువ్వెట్లాగు మేల్కొనే ఉంటవ్ గదనే అంటడు బాపు." నవ్వింది. "మంచిదే. మీరు చెప్పినట్టె లేచి కూసుంటున్న. ఈడ ఎవ్వలు ఏమంటలేరు."

తల సంగతి అడిగితే కొంగు ముడి విప్పి చూపించింది. నొప్పి బిళ్లల పట్టీలు. మూడు ఖాళీ, ఒకటి సగం. నాలుగు నెలలు కష్టపడి ఒక్కొక్కటే మాన్పించిన బిళ్లలు.

తర్వాత సంచిలో నుంచి ఒక పుస్తకం తీసింది. పాత లెక్కల నోటు. వెనక పేజీల్లో అవే గడులు, స్కేలు లేక కాస్త వంకరగా. పడుకున్నది, లేచింది, ఎంతసేపు, నొప్పి ఎంత. హాస్టల్ నుంచి వచ్చిన రోజు మొదలుకుని ఆ రోజు పొద్దుటి దాకా ఒక్క వరుస కూడా ఖాళీ లేదు. నొప్పి గడిలో అన్నీ ఎనిమిదులు, తొమ్మిదులు.

"మేడం, ఇది ఇంకెన్ని దినాలు రాయాలె?"

బస్సుకు వేళవుతోందని ఆయమ్మ పిలిచింది. లేచి వచ్చేశాను.

తర్వాతి సంవత్సరం మళ్లీ వెళ్లాను. ఆ కాలువ కింద ఆ మంద లేదు. ఊళ్లో అవ్వ పోయింది, ఇంటికి తాళం. ఆ తర్వాత నాకు పదవీ విరమణ వయసు వచ్చింది, రేపటి నుంచి రానవసరం లేదన్న కాగితం మా ఆఫీసు అటెండర్ చేత పంపింది. శాలువా లేదు, ఒక మాట లేదు. ఆ సంగతి కూడా గుర్తుపెట్టుకున్నాను. నా గదిలోకి కొత్తగా వచ్చిన అబ్బాయి పేరు వారంలోనే తలుపు మీద పడిందట.

కొత్తగా వచ్చేవాళ్లకు చెప్పేది ఇంతే. గేటు దగ్గర నిలబెడితే నిలబడండి. నర్సమ్మ అంటే అననివ్వండి. మీకు కుర్చీ లేకపోతే మీ దగ్గరికి వచ్చే పిల్లకు ఏమీ కాదు. ఇది నాకు తెలిసి చెబుతున్నాను గానీ, ఒప్పుకుని చెబుతున్నానని అనుకోవద్దు. ఆ ప్రిన్సిపల్‌ను నేను ఇప్పటికీ క్షమించలేదు. డాక్టరు గారినీ క్షమించలేదు. నా ఫిర్యాదులో ఒక్క అబద్ధం లేదు.

ఈ మధ్య నాకూ నిద్ర పట్టడం లేదు. పడుకుని దొర్లకూడదు కదా, లేచి వెళ్లి గుమ్మం దగ్గర కుర్చీలో కూర్చుంటాను. ఊరికే కూర్చోలేక, ఆ పదకొండేళ్లలో నా గదికి వచ్చిన పిల్లలను ఒక్కొక్కరినే తలుచుకుంటూ లెక్కపెడతాను. ఆ పిల్ల ముందే చెప్పింది, లెక్కపెడితే నిద్రెట్లొస్తది అని.

ఒకటి తక్కువే వస్తుంది.